దూరప్రయాణమునకు ముందు అరిగిన టైర్లను మార్చవలెనా?

దూరప్రయాణమునకు బయలుదేరు ముందు మన ఇండ్లలో జరుగు సన్నాహములు పాఠకులెరిగినవే. ఆడవారు దారిబత్తెము సిద్ధము చేయుదురు. పెద్దలు ప్రయాణికుని భుజమునకు ఇమామ్ జామిన్ కట్టి దువా చేయుదురు. పొరుగింటి హిందూ సోదరులైనచో చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి, బండిని కదలింతురు. ఈ ఆచారములు వేరైనను వాటి వెనుకనున్న కోరిక ఒక్కటే: పోయినవారు క్షేమముగా తిరిగి రావలెనని. కాని నిమ్మకాయను నలిపిన ఆ చక్రము వద్ద వంగి, దాని టైరు ఎంత అరిగినదో కొలిచి చూచువారు మనలో బహు తక్కువ. ఆ కొలత ఎట్లు తీయవలెను, తీసిన పిమ్మట టైరును మార్చవలెనా మానవలెనా యని ఎట్లు నిశ్చయింపవలెను అను రెండు విషయములను వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

తెలుగు పాఠములు చెప్పుకొనువారికి టైర్ల ప్రసక్తి ఏల యని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. మన ప్రాంతపు ఉనికియే ఈ ప్రసక్తిని తెచ్చిపెట్టుచున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములును 42వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నవి. అనంతపురము నుండి కదిరి మీదుగా వచ్చు ఆ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట, కుప్పములను దాటి తమిళనాడులోని కృష్ణగిరికి చేరును. మూడు రాష్ట్రముల సరిహద్దున ఉన్న మనకు ప్రతి పెద్ద పనియు ఒక దూరప్రయాణమే. పెద్ద వైద్యమునకు వేలూరు, గల్ఫ్ విమానమునకు బెంగుళూరు లేక చెన్నై, ఉర్సులకు కడప, గుల్బర్గా, రొట్టెల పండుగకు నెల్లూరు, సంబంధములకు, నికాహ్‌లకు ఇంకెన్నియో ఊళ్లు. ఇందులో చాల భాగము కార్లలోను, బాడుగ బండ్లలోను జరుగుచున్నది.

2021 ఫిబ్రవరి 14వ తేదీ తెల్లవారుజామున జరిగిన ఘోరమును మదనపల్లె మరువలేదు. అజ్మీర్ ఖ్వాజా గారి దర్గాకు మన పట్టణము నుండి 18 మందితో బయలుదేరిన చిన్న బస్సు, కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలమున హైదరాబాదు - బెంగుళూరు రహదారిపై అదుపు తప్పి, నడుమనున్న డివైడరును దాటి, ఎదురుగా వచ్చుచున్న లారీని ఢీకొనెను. 14 మంది మరణించిరి. ప్రాణములతో బయటపడినవారు నలుగురు పిల్లలు మాత్రమే. ఆ దుర్ఘటనకు కారణము నిర్ణయించుట ఈ వ్యాసపు పని కాదు. ఏ ప్రమాదమునకైనను నిద్ర, వేగము, చీకటి, రోడ్డు, బండి స్థితి అని అనేక కారణములుండవచ్చును. వీటిలో నిద్రను, వేగమును త్రోవ పొడవునను కాచుకొనవలెను. టైరును మాత్రము ఇంటి ముంగిటనే, పగటి వెలుతురులోనే, పది నిమిషములలో పరీక్షింపవచ్చును. మన చేతిలో ఇంత సులభముగా ఉన్న జాగ్రత్తను వదలుకొనరాదని మా మనవి.

టైరు చేయు పని

కారు బరువును మోయునది రబ్బరు కాదు, అందులో బిగించిన గాలి. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాచి దృఢపరచు విధానమును కనుగొనెను. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికై గాలి టైరును తయారుచేసి ప్రచారములోనికి తెచ్చెను. మన దక్షిణదేశమున 1946లో మద్రాసులో బొమ్మ బుడగలు చేయు చిన్న పరిశ్రమగా మొదలైన ఎం.ఆర్.ఎఫ్. తరువాత పెద్ద టైర్ల సంస్థ అయినది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని చినపండూరున అపోలో టైర్ల కర్మాగారము 2020లో ఉత్పత్తి ప్రారంభించెను. అనగా టైరు మనకు దూరపు వస్తువు కాదు. అయినను దాని స్వభావమును గూర్చి మనకున్న ఎరుక స్వల్పము.

నడుచుచున్న కారుకును నేలకును గల సంబంధము నాలుగే చోట్ల ఉండును. ఒక్కొక్క చోటు రమారమి ఒక అరచేయి అంత. పరుగు, మలుపు, ఆపుట అన్నియు ఆ నాలుగు అరచేతుల పట్టుపైననే ఆధారపడి ఉన్నవి. టైరు పైభాగమున ఉన్న మిట్టలను మన డ్రైవర్లు బటన్లు అందురు. ఆ మిట్టల నడుమ గాడులుండును. ఈ గాడుల ముఖ్యమైన పని, రోడ్డుపైనున్న నీటిని ప్రక్కలకు తోసివేసి రబ్బరును నేలకు తగులనిచ్చుట.

పొడి రోడ్డుపై గాడులు లేని టైరు కూడ చక్కగానే పట్టుకొనును. పందెపు కార్లకు పొడినేలపై గాడులు లేని టైర్లనే వాడుదురు. సంవత్సరములో ఎక్కువ దినములు పొడిగా ఉండు రాయలసీమలో అరిగిన టైరు మనలను మోసగించుట ఇందువలననే. నెలల తరబడి గుండు టైర్లతో తిరిగినను ఏమియు కాలేదు కావున ఇక ఏమియు కాదని నమ్ముదుము. తొలి వాన పడిన దినమున ఆ నమ్మకము వమ్మగును. 

నీరు గాడుల లోతును మించి నిలిచిన రోడ్డుపై వేగముగా పోయినచో టైరు నేలను వదలి నీటిపై తేలును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను, బ్రేకు త్రొక్కినను బండి వినదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన పరిశోధకులు విమానముల చక్రములను పరీక్షించి, 1963లో ఈ తేలుటకు ఒక సూత్రమును ప్రకటించిరి. దాని ప్రకారము 32 పౌండ్ల గాలి ఉన్న టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల వేగమున తేలును. గాలి 25 పౌండ్లకు తగ్గినచో 83 కిలోమీటర్లకే తేలును. నాలుగు వరుసల జాతీయ రహదారిపై 2018 నుండి కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వరకు అనుమతి కలదు. అనగా చట్టము ఒప్పిన వేగమే వానలో ప్రమాదపు హద్దును దాటుచున్నది. లోతైన గాడులు నీటిని తోసివేసి ఆ స్థితి రాకుండ కాపాడును. అరిగిన గాడులు కొద్దిపాటి నీటికే లొంగిపోవును.

కొలతలు

మొదటిది గాడి లోతు. క్రొత్త కారు టైరుకు సుమారు 7 లేక 8 మిల్లీమీటర్ల లోతుండును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 94వ నియమము టైర్ల స్థితిని గూర్చి చెప్పుచున్నది. దాని ప్రకారము కారు టైరుకు 1.6 మి.మీ., మోటారు సైకిలుకు 0.8 మి.మీ. కంటె తక్కువ లోతుండరాదు. ఈ హద్దును గుర్తించుటకై గాడుల అడుగున చిన్న రబ్బరు కట్టలను టైరులోనే పోతపోసి ఉంచుదురు. అవి ఎక్కడ ఉన్నవో తెలుపుటకు టైరు అంచున చిన్న త్రికోణపు గుర్తో, అక్షరముల గుర్తో ఉండును. పైనున్న బటన్లు అరిగి ఆ కట్టలతో సమానమైనచో టైరు ఆయువు తీరినదన్న మాట.

లోతు కొలుచు సాధనము విడిభాగముల దుకాణములలో స్వల్ప వెలకు దొరకును. అది లేనివారు అగ్గిపుల్లను మందు లేని కొనతో గాడిలో నిలువుగా ఉంచి, బటను పైభాగమునకు సరియగు చోట గోటితో గుర్తు పెట్టి, జామెట్రీ పెట్టెలోని స్కేలుతో కొలిచినను చాలును. రబ్బరు కట్ట ఉన్న చోట మాత్రము కొలువరాదు. లోపలి అంచు, నడుమ, బయటి అంచు అని మూడు చోట్ల కొలిచి, అన్నిటికంటె తక్కువ వచ్చిన అంకెనే లెక్కకు తీసికొనవలెను. లోపలి అంచు కంటికి కనబడదు. ముందు చక్రములనైనచో స్టీరింగు పూర్తిగా త్రిప్పి చూడవలెను. బయట చక్కగా కనబడు టైరు లోపలి ప్రక్క నున్నగా అరిగి ఉండుట సాధారణము.

అరుగుదల తీరు బండి రోగమును కూడ తెలుపును. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువ. రెండు అంచులును అరిగినచో గాలి తక్కువ. ఒక్క అంచు మాత్రమే అరిగినచో చక్రముల అలైన్‌మెంటు చెడినది. ఈ రోగమును కుదుర్చకుండ క్రొత్త టైరు వేసినచో అదియు అట్లే అరిగిపోవును.

రెండవది వయస్సు. టైరు ప్రక్క భాగమున డాట్ అను గుర్తుతో మొదలగు వరుస చివర నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. తిరిగినను తిరుగకున్నను ఎండ, వేడి, గాలిలోని ప్రాణవాయువు, ఓజోను రబ్బరును గట్టిపరచి పగులజేయును. 5 సంవత్సరములు దాటిన టైర్లను ఏటేట నిపుణునికి చూపవలెననియు, బటన్లు ఎంత ఉన్నను 10 సంవత్సరములకు మించి వాడరాదనియు టైరు తయారీదారుల సలహా. కొందరు కారు నిర్మాతలు 6 సంవత్సరములకే మార్చుమందురు.

ఈ విషయము మన ప్రాంతపు కుటుంబములు ముఖ్యముగా గమనింపదగినది. ఇంటి యజమాని కువైట్‌లోనో, సౌదీలోనో ఉండగా కారు పదకొండు నెలలు షెడ్డులో నిలిచి ఉండును. సెలవుపై ఆయన రాగానే కుటుంబమంతయు ఎక్కి దూరప్రయాణము చేయును. తిరుగలేదు కనుక బటన్లు నిండుగా ఉండును. చూచువారు క్రొత్త టైర్లని భ్రమింతురు. కాని ఏడెనిమిదేండ్లు నిలిచిన టైరు ప్రక్కన సన్నని పగుళ్లు పడి, బలము తగ్గి ఉండవచ్చును. అట్టి కారునకు లోతు కంటె వయస్సే ముఖ్యమైన కొలత.

మూడవది గాయములు. ప్రక్క భాగమున ఉబ్బు, కోత, లోపలి దారము బయటపడుట, బటన్ల పొర లేచుట, వీటిలో ఏది కనబడినను ఆ టైరు దూరప్రయాణమునకు పనికిరాదు. గుంటలో పడినపుడో, రాతి అంచును తాకినపుడో లోపలి దారములు తెగి ఉబ్బు వచ్చును. దానిని పంచరు వలె అతికించుట సాధ్యము కాదు. బటన్ల భాగమున మేకు గ్రుచ్చుకొన్నచో బాగుచేయవచ్చును గాని, ప్రక్క గోడ చీలినచో బాగుచేయరాదు.

ఊరిలో తిరుగుట వేరు, దూరము పోవుట వేరు

అరిగిన టైరుతో మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయి వచ్చుటకును, అదే టైరుతో నాలుగు జిల్లాలు దాటుటకును గల భేదము వేడి. టైరు తిరుగునపుడు నేలను తాకిన భాగము అణగి, మరల లేచుచుండును. 60 సెంటీమీటర్ల వ్యాసము గల టైరు ఒక కిలోమీటరునకు సుమారు 530 సార్లు తిరుగును. గంటకు 90 కిలోమీటర్ల వేగమున అది గంటలో 47 వేలకు పైగా సార్లు అణగి లేచును. ప్రతి అణగుట కొంత వేడిని పుట్టించును. ఊరిలో అర్ధగంట తిరిగిన బండి నిలిచి చల్లారును. రహదారిపై ఆ వేడి చల్లారు అవకాశము లేక పెరుగును. గాలి తక్కువై, బరువు ఎక్కువై ఉన్నచో టైరు ఇంకను అధికముగా అణగును. చివరకు పొరలు విడిపోవును, లేక టైరు ప్రేలును.

మన పట్టణములు ఎత్తైన పీఠభూమిపై ఉన్నవి. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండి, చల్లదనమునకు పేరు పొందినది. ఇక్కడి చల్లని రోడ్లకు అలవాటైన టైరు కడప, కర్నూలు మైదానములకు దిగినచో, ఎండకాలమున 40 డిగ్రీలు దాటిన గాలిలో, అంతకంటె వేడియైన తారుపై తిరుగవలసి వచ్చును. తిరుపతికి పోవువారు భాకరాపేట ఘాటును, పలమనేరు నుండి చిత్తూరునకు పోవువారు మొగిలి ఘాటును దిగవలెను. దిగుడులో బ్రేకుల పని అధికము, మలుపులలో టైరు పట్టు ముఖ్యము. అక్టోబరు, నవంబరు మాసములలో ఈశాన్య ఋతుపవనములు మన జిల్లాలను తడుపును. 2021 నవంబరులో తిరుపతి, కడప ప్రాంతములు వరదలలో మునిగిన సంగతి అందరికిని జ్ఞాపకమే. కావున మన దూరప్రయాణమున వేడి, ఘాటు, వాన అను మూడును ఒకే దినమున ఎదురు కావచ్చును.

బరువును కూడ లెక్కింపవలెను. టైరుపై 165/80 ఆర్ 14 85 టి అని ఉన్నచో, చివరనున్న 85 అను సంఖ్య ఒక్కొక్క టైరు 515 కిలోల వరకు మోయగలదని తెలుపును. 'టి' అను అక్షరము గంటకు 190 కిలోమీటర్ల గరిష్ఠ వేగమునకు గుర్తు. ఈ శక్తి సరియైన గాలి ఉన్న మంచి టైరునకు చెప్పినది. అయిదుగురు కూర్చుండు కారులో ఎనమండుగురిని, పైకప్పుపై పెట్టెలను ఎక్కించి, అరిగిన టైర్లపై ఆ శక్తిని ఆశించుట తగదు.

నిశ్చయము

పై కొలతలు చేతికి వచ్చిన పిమ్మట నిశ్చయము కష్టము కాదు. గాయమున్న టైరును లోతుతో, వయస్సుతో నిమిత్తము లేకుండ మార్చవలెను. 1.6 మి.మీ.కు దిగిన టైరును మార్చుమని చట్టమే చెప్పుచున్నది. 1.6 కును 3 కును నడుమ ఉన్న టైరు పొడి రోడ్డుపై ఊరిలో నెమ్మదిగా తిరుగుటకు చాలును గాని, దూరప్రయాణమునకు చాలదు. 3 మి.మీ.కు దిగువ తడి రోడ్డుపై ఆగుటకు పట్టు దూరము త్వరత్వరగా పెరుగును. 3 కును 4 కును నడుమ ఉన్నచో ఋతువును, దూరమును, బరువును చూచి నిర్ణయింపవలెను. వానకాలమైనను, వేల కిలోమీటర్ల ప్రయాణమైనను మార్చుట మేలు. 4 మి.మీ.కు పైబడి, అయిదేండ్లలోపు వయస్సు కలిగి, గాయములు లేని టైరును మార్చనక్కరలేదు. దుకాణదారు ఎంత చెప్పినను వినవలసిన పని లేదు. అక్కరలేని ఖర్చు ఇస్రాఫ్, అనగా దుబారా. అది మన ధర్మమున నిందింపబడినదే.

ఇందు ఒక సూక్ష్మమును విద్యార్థులు గమనింపవలెను. బయలుదేరునపుడున్న లోతు కాదు, తిరిగి వచ్చునపుడు మిగులు లోతు ముఖ్యము. 8 మి.మీ. టైరు 1.6 కు దిగుటకు 40,000 కిలోమీటర్లు పట్టునని అనుకొందము. అరుగునది 6.4 మి.మీ. అనగా 1,000 కిలోమీటర్లకు 0.16 మి.మీ. మదనపల్లె నుండి అజ్మీరునకు రాకపోకల దూరము 3,000 కిలోమీటర్లకు పైబడును. అంతలో దాదాపు అర మిల్లీమీటరు అరుగును. 2 మి.మీ. లోతుతో బయలుదేరినవాని టైరు చట్టము ప్రకారము పోవునపుడు మంచిదే, వచ్చునపుడు మాత్రము పనికిరానిది. చట్టము చెప్పిన 1.6 టైరును పారవేయుటకు హద్దు. దానిని ప్రయాణమునకు అనుమతిగా భావించుట పొరపాటు.

ఖర్చు

మార్చుటకు వెనుకాడుటకు కారణము ఖర్చే. ఆ ఖర్చును మనము లెక్కించు తీరు సరియైనది కాదు. ఒక టైరు వెల 5,000 రూపాయలనుకొందము. నాలుగింటికి 20,000. ప్రయాణమునకు ముందు ఇంత మొత్తమా యని గుండె జారును. కాని ఆ టైర్లను నేడు కాకున్నను కొద్ది నెలలలో మార్చక తప్పదు. ముందుగా మార్చుట వలన మనము నిజముగా పోగొట్టుకొనునది పాత టైరులో మిగిలిన వాడుక మాత్రమే. 3 మి.మీ. ఉన్న టైరులో వాడుకొనదగినది 1.4 మి.మీ. అది 6.4 లో 22 వంతులు, అనగా నూటికి 22. దాని విలువ 1,100 రూపాయలు. 2 మి.మీ. ఉన్నచో మిగిలినది 0.4 మాత్రమే. దాని విలువ 300 రూపాయల చిల్లర. నాలుగు టైర్లకు 1,250 రూపాయల వాడుకను మిగుల్చుకొనుటకై కుటుంబమంతటిని ఆ టైర్లపై ఎక్కించుట ఏ లెక్కకు నిలుచును? 

చేతిలో డబ్బు చాలక రెండు టైర్లే కొనగలిగినచో ఒకే ఇరుసుకు రెండును వేయవలెను. మంచి జతను వెనుక చక్రములకు వేయుట శ్రేయస్కరము. ముందు చక్రములు జారినచో బండి తిన్నగా పోజూచును, వేగము తగ్గించి సరిదిద్దవచ్చును. వెనుక చక్రములు జారినచో బండి గిర్రున తిరిగిపోవును, దానిని అదుపు చేయుట నేర్పరులకును కష్టము. అరిగిన టైరునకు కాల్చిన పనిముట్టుతో మరల గాడులు చెక్కించుట, వయస్సు తెలియని పాత టైర్లు కొనుట పొదుపు అనిపించుకొనవు. కారు టైర్లు అట్లు చెక్కుటకు చేసినవి కావు. 

క్రొత్త టైర్లను ప్రయాణపు ముందు రాత్రి కాక, ఒక వారము ముందే వేయించవలెను. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపినచో టైరు పైనున్న నునుపు పోయి పట్టు కుదురును. అలైన్‌మెంటు, బాలెన్సింగు అప్పుడే చేయించి, కొంత దూరము నడిపిన తరువాత నట్లు బిగువు మరల చూడవలెను. గాలిని ఉదయము, బండి కదలక ముందు, చల్లని టైరులో కొలువవలెను. ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు వద్దనున్న పట్టికలో వ్రాసి ఉండును. నిండు బరువునకు వేరు అంకె ఉన్నచో దానినే పాటింపవలెను. త్రోవలో వేడికి నాలుగైదు పౌండ్లు పెరుగుట సహజము. పెరిగినదని వేడి టైరు నుండి గాలి తీసివేయుట తప్పు.

అదనపు చక్రమును మనము స్టెప్నీ అందుము. వేల్స్ దేశపు లనెత్లీ పట్టణమున స్టెప్నీ వీధిలో 1904లో ఇట్టి చక్రమును తయారుచేసి అమ్మిన సంస్థ పేరే అది. ఆ పేరు బ్రిటనులో మరుగుపడినను మన పంచరు దుకాణములలో నేటికిని సజీవముగా ఉన్నది. స్టెప్నీకి కూడ లోతు, వయస్సు, గాలి చూడవలెను. జాకీ, స్పానరు ఉన్నవో లేవో బయలుదేరు ముందే చూచుకొనవలెను.

బాడుగ బండి

సొంత కారు ఉన్నవారి విషయమున ఖర్చును, ప్రమాదమును భరించువాడు ఒక్కడే. బాడుగ బండిలో అట్లు కాదు. టైరు ఖర్చు యజమానిది, ప్రాణము ప్రయాణికునిది. మారుటకు యజమానికి తొందర ఉండదు, అడుగుటకు ప్రయాణికునికి హక్కున్నట్లు తెలియదు. మనము బాడుగ ఎంత, డీజిలు ఎవరిది, డ్రైవరు భత్యమెంత అని గంటసేపు బేరమాడుదుము. టైర్లను గూర్చి ఒక్క మాటయు అడుగము. 

అడుగవలసిన సమయము బయానా ఇచ్చుటకు ముందే. బయలుదేరు తెల్లవారుజామున, పిల్లలు, మూటలు ఎక్కిన పిమ్మట, చీకటిలో టైరు చూచి వద్దనగల ధైర్యము ఎవరికిని ఉండదు. పగటిపూట, బయానా చేతిలో ఉండగా చూచినచో యజమాని మార్చనైన మార్చును, వేరొక బండినైన చూపును. లారీ డ్రైవర్లు జంట టైర్లను ఇనుపకడ్డీతో తట్టి శబ్దమును బట్టి గాలి తగ్గిన టైరును పసిగట్టుట మదనపల్లె మార్కెట్టు వద్ద ఎవరైనను చూడవచ్చును. జీవనమంతయు రోడ్డుపై గడుపువారు టైరును తట్టక కదలరు. ఏడాదికొకసారి కదలు మనకు అంతకంటె ఎక్కువ జాగ్రత్త అవసరము.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఇందు ఒక మనవి. విజ్ఞానయాత్రలకు, ఆటల పోటీలకు విద్యార్థులను పంపునపుడు బండి ఒప్పందములో బాడుగతో పాటు ఒక షరతు చేర్చవలెను. ప్రయాణమునకు మూడు దినముల ముందు బండిని కళాశాలకు తెప్పించి, స్టెప్నీతో సహా ప్రతి టైరు లోతును, తయారీ వారమును ఒక కాగితముపై వ్రాసి, చూచినవారు సంతకము చేయవలెను. దీనికి అయ్యెడి ఖర్చు ఒక కాగితము, అరగంట కాలము. కొలుచు పనిని విద్యార్థులకే అప్పగించినచో వారు తమ ఇండ్లలో కూడ అట్లే చేయుదురు. మోటారు సైకిళ్లపై కళాశాలకు వచ్చువారు తమ టైర్లతోనే ఈ పాఠము మొదలిడవచ్చును.

అంతయు దైవము చేతిలో ఉన్నదని, టైరు కొలిచినంత మాత్రమున విధి తప్పునా యని కొందరు పెద్దలు అనవచ్చును. విధిని కాదనుట మా అభిప్రాయము కాదు. ఒంటెను కట్టవలెనా, లేక విడిచిపెట్టి దైవముపై భారము వేయవలెనా యని అడిగినవానికి, ముందు కట్టి పిదప నమ్ముకొనవలెనని ప్రవక్త మహనీయులు (స) తెలిపిన ఉదంతము మన మదర్సా పిల్లలకు కూడ తెలిసినదే. తవక్కుల్ అనగా చేయదగినది చేసిన పిమ్మట నమ్ముట. నాటి ఎడారి బాటసారికి ఒంటె త్రాడు ఎట్టిదో, నేటి బాటసారికి టైరు అట్టిది. కనుక ఈ సెలవులలో ప్రయాణము తలపెట్టిన విద్యార్థులు టికెట్లకు, మూటలకు ముందు అగ్గిపుల్లను, స్కేలును చేతబట్టి బండి వద్దకు పోవుదురు గాక. ఆ కొలతను ఇంటి పెద్దలకు మర్యాదగా, స్పష్టముగా చెప్పుదురు గాక. మన పట్టణముల నుండి బయలుదేరు ప్రతి బండియు సుఖముగా తిరిగి వచ్చుగాక.